బర్రెకో రూలు, గుర్రానికో రూలు

దున్నపోతుల పండుగ సదర్ రోజు హైదరాబాద్ నారాయణగూడ వెళ్లి చూడండి. దున్నపోతు ఒళ్లు నిగనిగలాడేలా నూనె. మెడనిండా పూలదండలు. నాయకులు పక్కన నిలబడి మరీ ఫొటోలు దిగుతారు. 2024లో దీన్ని రాష్ట్ర పండుగ కూడా చేశారు. సంతోషం. మర్నాడు ఆ దున్నపోతు చెల్లెలు బస్తీ సందులో నెమరేస్తూ కనబడితే? న్యూసెన్స్! నోటీసు! ఎత్తండి బండిలోకి!

ఒక్క రాత్రి సంస్కృతి. మిగతా ఏడాదంతా పేడ.

రూల్స్ లేవా? బోలెడు. లక్ష జనాభా దాటిన ఊళ్లో లాభం కోసం ఐదు పశువులకు తగ్గకుండా పెంచితే కొట్టం రిజిస్టర్ చేయించాలి. 1978 నాటి నిబంధన. ఎందరు చేయించారు? అసలు అడిగిందెవరు? 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇంకో మాట చెప్పింది. డెయిరీ ఇళ్లకు 200 మీటర్లు, బడికీ ఆస్పత్రికీ 500 మీటర్ల దూరం ఉండాలట. భేష్. మరి ఆ టేపు ఎటునుంచి పట్టాలి సారూ?

2007లో 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపేసి గ్రేటర్ హైదరాబాద్ అన్నారు. ఊరు వార్డయింది. కొట్టం ఉన్నచోటే ఉంది. పక్క పొలం ప్లాట్లయింది. ప్లాటు ఐదంతస్తులైంది. బాల్కనీలో చీర ఆరేస్తే అంచు కొట్టం రేకుల మీద వేలాడుతోంది. ఆ అపార్టుమెంటుకు పర్మిషన్ ఇచ్చినప్పుడు ఈ టేపు ఏ బీరువాలో పడుకుంది?

ఫిర్యాదుదారు సంగతీ చూడాలి. పొద్దున్నే స్టీలు క్యాన్‌తో కొట్టం ముందు హాజరు. "నీళ్లు కలపలేదు కదా?" అని ఆరా. ఇంటికెళ్లి చిక్కటి చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టకముందే ఫోన్లో కంప్లయింటు: "భరించలేని కంపు." బర్రె పాలివ్వాలి. పేడ మాత్రం వెయ్యకూడదు!

ఒక్కో పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుందని ఆ కాలుష్య మండలే లెక్కగట్టింది. పది పశువులుంటే రెండు క్వింటాళ్ల దాకా. ఎక్కడికి పోవాలది? కొట్టమాయనా ఏం తక్కువ తినలేదు. గొట్టం పెట్టి నాలాలోకి కొట్టేస్తాడు. పాలు పిండుకుని ఆవును రోడ్డు మీదికి తోలేస్తాడు. అది ప్లాస్టిక్ నమిలి డివైడర్ పక్కన కూలబడుతుంది. పట్టుకుంటారు, బందెలదొడ్డికి తోలుతారు, జరిమానా కట్టించుకుని వదిలేస్తారు. ఎల్లుండి? అదే ఆవు, అదే డివైడర్. 1871లో తెల్లదొర రాసిన పశువుల చట్టం నాటి నుంచీ ఇదే తంతు.

ఇక గుర్రం. దాని జాతకమే వేరు. ఫామ్‌హౌస్‌లో కట్టేస్తే హాబీ. బరాత్‌లో నిలబెడితే హోదా. అర్ధరాత్రి బ్యాండు మోతలో అది బెదిరిపోతుంటే, ముందు తీన్మార్ ఆడేదెవరో గుర్తుపట్టారా? పొద్దున కంపని రాసిన పెద్దమనిషే! పెళ్లయ్యాక ఆ గుర్రం ఎక్కడ పడుకుందో ఎవడికైనా పట్టిందా?

జంతువును చూసి కాదు, దాని తాడు పట్టుకున్న చేతిని చూసి రూలు కదులుతోంది.

కొట్టాలు తరలించాలా? తరలించండి. ముందు ఊరి బయట జాగా, నీళ్లు, పేడకో దారి చూపించండి. అది చేతకాకపోతే వచ్చే సదర్‌కు ఫొటో దిగుతూ ఆ దున్నపోతు మొహం మీదే చెప్పండి, నీ కొట్టం అక్రమమని. కాస్త దూరంగా నిలబడే సుమా. 200 మీటర్లయితే మేలు.