డర్క్ మరణ మీమాంస

వంటకూ వాస్తుకూ చివరికి దొంగతనానికీ శాస్త్రాలు రాసిన దేశంలో లేజర్ డిస్క్ ఆటకు శాస్త్రం లేకపోవడం పండితుల బద్ధకమే తప్ప మరొకటి కాదు. ఆ లోటు తీర్చడానికే ఈ గ్రంథం. దీన్ని చదవడానికి అధికారి ఎవరంటే, ఒక్కసారైనా ఓడిపోయి, ఆ ఓటమి చూడముచ్చటగా ఉందని మళ్లీ జేబులో చెయ్యి పెట్టినవాడు. గెలిచినవాళ్ల సంగతి చివర్లో, అదీ తీరికుంటే.

ముందు లక్షణం. చేత్తో గీసిన బొమ్మల సినిమా డిస్కు మీద ఉండి, జాయ్‌స్టిక్ కదిలిన తీరును బట్టి ముందుకో చావుకో పోయేది లేజర్ డిస్క్ ఆట. "చేత్తో గీసిన" అనకపోతే అతివ్యాప్తి దోషం పడుతుంది. సెగా వారి ఆస్ట్రాన్ బెల్ట్ కూడా 1983 నాటిదే, డిస్కు మీదిదే. కానీ అందులో ఉన్నవి సినిమా ట్రిక్కు షాట్లు, వాటి మీద కంప్యూటరు అతికించిన ఓడ. దానికి వేరే శాస్త్రం ఎవరైనా రాసుకోవచ్చు. "చావుకో" అన్న మాట తీసేస్తే మాత్రం లక్షణానికే ప్రాణం పోతుంది.

మూలగ్రంథం డ్రాగన్స్ లెయిర్. 1983 జూన్‌లో అమెరికా ఆర్కేడ్లలోకి దిగింది. ఆలోచన రిక్ డయ్యర్‌ది, పెట్టెలు సినిమాట్రానిక్స్ వారివి, బొమ్మలు డాన్ బ్లూత్ బృందానివి. ఈ బ్లూత్ 1979లో డిస్నీతో తెగతెంపులు చేసుకుని, కొందరు తోటి చిత్రకారుల్ని వెంటబెట్టుకుని బయటపడ్డ మనిషి. డర్క్ అనే శూరుడు (ధైర్యం మెండు, తెలివి మధ్యస్థం) మంత్రగాడి కోటలో చొరబడి, సింజ్ అనే డ్రాగన్ చెరలో ఉన్న డాఫ్నీ రాకుమారిని విడిపించాలి. కథ ఇంతే. ఇంతకు మించితే చావులకు చోటు చాలదు. నటులకు ఇవ్వడానికి డబ్బుల్లేక స్టూడియోలోని వాళ్లే గొంతులిచ్చారు: డర్క్ కేకలు ఎడిటర్ డాన్ మొలీనావి, డాఫ్నీ గారాలు గీతలు శుభ్రం చేసే విభాగాన్ని నడిపిన వెరా లాన్‌ఫర్‌వి.

ఆ రోజుల్లో పాక్‌మాన్ తెర మొత్తం అడ్డంగా 224, నిలువుగా 288 చుక్కలు. దాని పక్కనే ఈ పెట్టెలో నిజం సినిమా నడుస్తోంది. పావు డాలరుకు అలవాటుపడ్డ జనం దీనికి అర డాలరు వేశారు. చుట్టూ మూగినవాళ్లకు కనబడటం లేదని కొన్నిచోట్ల పెట్టె నెత్తిన ఇంకో టీవీ కూడా ఎక్కించారు.

ఇక పూర్వపక్షం. "ఇది ఆటే కాదు. నాలుగు దిక్కులు, ఒక కత్తి బటన్. సరైన క్షణంలో సరైన దిక్కుకు తోస్తే సరి, లేకుంటే చావు. జరగబోయేదంతా డిస్కు మీద ముందే రాసి ఉంది. ఇందులో ఆటగాడు చేసేదేముంది?"

దీనికి సిద్ధాంతి జవాబు: ఆక్షేపణ బాగుంది గానీ, అది ఈ ఆట మీదది కాదు, మొత్తం మానవజన్మ మీదది. నుదుటి మీద బ్రహ్మ ఎంత రాస్తాడో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇక్కడ లెక్క పక్కాగా ఉంది. ఇలాంటి డిస్కు నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంది, చుట్టుకో ఫ్రేము, ఒక వైపు మొత్తం 54,000 ఫ్రేములు. పురుషకారమల్లా లేజరును ఏ ఫ్రేము దగ్గరికి పంపాలో తేల్చడంలో ఉంది. అంతకన్నా ఎక్కువ స్వేచ్ఛ మనకెవరికైనా దక్కిందని రుజువు చేస్తే సిద్ధాంతి ఈ శాస్త్రాన్ని చించేస్తాడు.

తప్పు దిక్కుకు తోసిన క్షణానికీ చావు మొదలయ్యే క్షణానికీ నడుమ తెర ఒక్కసారి నల్లబడుతుంది. లేజరు తన చోటు వెతుక్కుంటోంది. ఆ చీకట్లో డర్క్ బతికున్నాడనీ అనలేం, పోయాడనీ అనలేం. గరుడ పురాణకర్త ఈ పెట్టెను చూసి ఉంటే మరో అధ్యాయం కలిపేవాడు. సినిమాను తాపీగా తిప్పాల్సిన ప్లేయర్లు ఇలా రోజంతా ముందుకూ వెనక్కూ ఉరికి ఉరికి చాలాచోట్ల చేతులెత్తేశాయి. యంత్రానికీ మరణభయం ఉంటుందనడానికి ఇది చాలు.

జ్ఞానం కలిగే మార్గాలు మూడు. ప్రత్యక్షం అంటే చచ్చి తెలుసుకోవడం. అనుమానం అంటే తలుపు పచ్చగా మెరిసింది గనుక అటే పోవాలని ఊహించడం. ఆప్తవాక్యం అంటే వెనక నిలబడ్డ కుర్రాడు "ఎడమకు, ఎడమకు!" అని అరవడం. మూడోదాన్ని నమ్మినవాళ్లే ఎక్కువమంది పోయారు. కారణం, గదులు ఒక వరసలో రావు. పైగా కొన్ని గదులు అద్దంలో చూసినట్టు తిరగబడి మళ్లీ వస్తాయి. నిన్నటి ఎడమ ఇవాళ కుడి. కుర్రాడు మాత్రం నిన్నటిదే అరుస్తుంటాడు.

ఇప్పుడు అసలు సిద్ధాంతం: ఈ ఆట ఆకర్షణంతా చావులోనే ఉంది. పాక్‌మాన్ ఎన్నిసార్లు పోయినా ఒకేలా పోతాడు. డర్క్‌కు ఏ గది చావు ఆ గదిదే. వంతెన దాటబోతే కందకంలోని జంతువు చుట్టేస్తుంది, ఇంకోచోట నేల జారిపోతుంది, మరోచోట బురదమనుషులు మీద పడతారు. ఆఖరికి అస్థిపంజరమై కుప్పకూలతాడు. 22 నిమిషాల బొమ్మల్లో మంచి భాగం ఈ ఖాతాకే పోయింది. ఓటమి కోసం ఒక చిత్రకారుడు దీపం పెట్టుకు కూర్చుని మొహం వంకర్లు గీశాడంటే, ఓడినవాడికి అంతటి మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది?

ప్రతికూల ఉదాహరణ కూడా ఉంది, అదే ఈ వాదానికి గట్టి ఊత. అదే ఏడు స్టెర్న్ కంపెనీ క్లిఫ్ హ్యాంగర్ తెచ్చింది. బొమ్మలు ఎక్కడివి? లూపిన్ అనే గజదొంగ మీద జపాన్‌లో అప్పటికే వచ్చిన రెండు సినిమాలవి. అందులో ఒకటి 1979లో మియజాకి తీసిన కాలియోస్త్రో కోట. గీత చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ సినిమా హీరో చావడానికి పుట్టడు కదా, మియజాకి అతని కోసం చావులు గీయలేదు. అందుకని ఒక ఉరికంబం దృశ్యాన్ని పట్టుకొచ్చి ఓడినవాడికి చూపించారు. కారు గుద్దుకున్నవాడికీ ఉరే, కప్పు మీంచి జారినవాడికీ ఉరే. న్యాయశాస్త్రం ఒప్పుకోదు, రసశాస్త్రం అసలే ఒప్పుకోదు.

నలభై ఏళ్ల తర్వాత కూడా డర్క్ ఎందుకు ముసలివాడు కాలేదన్నది మిగిలిన చిక్కు. కంప్యూటరు గీసిన బొమ్మను వెక్కిరించడానికి రెండేళ్లలో ఇంకో కంప్యూటరు పుడుతుంది. పెన్సిలుకు ఆ పోటీ లేదు. డిస్కులు పాడయ్యాయి, ప్లేయర్లు మూలనపడ్డాయి, బొమ్మలు మాత్రం డీవీడీకీ ఫోనుకూ మకాం మార్చుకుంటూ వచ్చాయి. 2017లో స్ట్రేంజర్ థింగ్స్ రెండో భాగం పిల్లలు కూడా ఈ పెట్టె ముందే డబ్బులు తగలేశారు.

గెలిచినవాళ్ల సంగతి చెబుతానన్నాను. ఏ గదిలోనూ తప్పు చేయనివాడు ఒక్క చావూ చూడకుండా డ్రాగన్ దాకా పోతాడు. అంటే అర డాలరుకు అందరికన్నా తక్కువ సినిమా చూసినవాడు వాడే. ఈ అన్యాయం కొందరు ఆరితేరినవాళ్లకు తెలుసు. ఖాళీ ప్రాణం మిగిలితే, చూడని చావు ఒకటి చూద్దామని కావాలనే తప్పు దిక్కుకు తోసేవారు. తర్వాత వచ్చిన డిస్కుల్లో జాయ్‌స్టిక్ ముట్టకుండా ఊరికే కూర్చుని చూసే ఏర్పాటూ పెట్టారు. అలా చూసేవాడు ఆటగాడా, ప్రేక్షకుడా, ముక్తజీవా అన్నది రెండో సంపుటంలో విచారిస్తాం.