పురుడు పోసే మూకుడు

నేను మట్టి మూకుడిని. మైపాడు దగ్గర ఒక ఇంట్లో చేపల పులుసు దాక మీద మూతగా ఉండేదాన్ని. అంచు పెచ్చు లేచాక ఆ ఇంటి అవ్వ నన్ను పెరట్లోకి తెచ్చి, అడుగున మేకుతో చిల్లులు పెట్టింది. అప్పట్నుంచి ఎడారి గులాబీలకు, అదే అడీనియం మొక్కలకు, పురుడు పోయడమే నా పని.

వీటి పుట్టిల్లు అరేబియా, తూర్పు ఆఫ్రికా. యెమెన్‌లో ఈ మొక్కను చూసి రాసుకున్న ఫోర్స్కాల్, లిన్నేయస్ శిష్యుడు, 1763లో మలేరియాతో అక్కడే కన్నుమూశాడు. ఆయన రాతలు 1775లో గానీ అచ్చు కాలేదు. ఎంత దూరం నుంచి వచ్చినా మన గన్నేరుకు, నందివర్ధనానికి ఇది చుట్టమే. పాలు మాత్రం విషం. పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

పువ్వు గొంతులో దాగిన పుప్పొడిని అవ్వ సన్నని బ్రష్‌తో తీసి ఇంకో చెట్టు పువ్వుకు అందిస్తుంది. పట్టిందంటే మేక కొమ్ముల్లా జంట కాయలు. ముదిరే వేళకు వాటికి దారం చుట్టాలి. లేకుంటే కాయ చీలి, గింజలన్నీ సముద్రపు గాలికి ఎగిరిపోతాయి. జిల్లేడు గింజకు ఒక కొసనే దూది. దీనికి రెండు కొసలా పట్టు కుచ్చులు, నడుమ సన్నని గోధుమరంగు పుల్ల. తాజాగా ఉండగానే వేయాలి. పాతబడేకొద్దీ మొలక తగ్గిపోతుంది.

నాలో పోసేది పెన్న ఇసుక, కాల్చిన ఊక. సముద్రపు ఇసుకలో ఉప్పు, పనికిరాదు. గింజల్ని పడుకోబెట్టి పైన పలచగా ఇసుక చల్లుతుంది అవ్వ. ఎండాకాలమైతే వారం తిరక్కుండా ఆ ఇసుకను నెత్తికెత్తుకుని లేస్తాయి. కాడ మొదలు అప్పుడే బొద్దుగా ఉంటుంది. కొమ్మ నాటి పెంచిన మొక్కకు ఆ బొజ్జ అంత సులువుగా రాదు.

నెల్లూరులో ఏడాది వానలో సగానికి మించి అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. వీటికి అదే గండం, వేరు కుళ్లిపోతుంది. వాయుగుండం అన్న మాట వినపడగానే నన్ను వసారాలోకి చేరుస్తుంది. నా ఒంటినిండా కంటికి కనపడని రంధ్రాలు. లోపలి తడి వాటిగుండా ఆరిపోతుంది. ప్లాస్టిక్ ట్రేకు ఆ గుణం లేదు.

"ఏందత్తా ఈ తిప్పలు? కడియం నర్సరీల నుంచి అంటుమొక్కలు తెప్పిచ్చుకోవచ్చు గదా" అంది కోడలు.

"దాని పువ్వు ఎట్టుంటదో ముందే తెలుసు గదమ్మా. ఈటి సంగతి అట్టా కాదు."

తల్లి చెట్టుది గులాబీ రంగు. నాలో మొలిచిన ఒకదానికి తెల్లని రేకులు, అంచున ఎర్రజీర. దాని పుప్పొడి ఏ చెట్టుకు అందించాలని ఇప్పుడు అత్తాకోడళ్లు వాదులాడుకుంటున్నారు.