నేను పదో నంబరును

మీరు ఎంటర్ నొక్కినప్పుడల్లా నేను పుడతాను, కానీ తెర మీద ఎవరికీ కనపడను. వరుసను తెంచి కొత్త వరుస మొదలుపెట్టించడమే నా పని. ఆస్కీ పట్టికలో నా నంబరు 10. సీ భాషలో ప్రోగ్రాం రాసేవాళ్లు బ్యాక్‌స్లాష్ పక్కన ఎన్ పెట్టి నన్ను పిలుస్తారు.

టెలిటైప్ యంత్రాల కాలంలో మేం ఇద్దరన్నదమ్ములం. అన్న 13వ నంబరు. అచ్చుతలను ఎడమ అంచుకు లాక్కొచ్చేది అతను, కాగితాన్ని ఒక వరుస జరిపేది నేను. ఆ తర్వాత వేరు కాపురాలు వచ్చాయి. యూనిక్స్ నన్నొక్కణ్ణే ఉంచుకుంది, విండోస్ ఇద్దరినీ పోషిస్తోంది, పాత మ్యాకింతోష్ అన్నతోనే సరిపెట్టుకుంది. ఆనాటి మ్యాక్ ఫైల్లో నా కోసం వెతికితే, అది ఎంత పెద్దదైనా వచ్చే లెక్క సున్నా.

ఫైల్లో వరుసలెన్ని అంటే నేనెన్నిసార్లు ఉన్నానని అడిగినట్టే. కెర్నిఘన్, రిచీ 1978లో తెచ్చిన సీ పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఈ లెక్క ఉంది. గెట్‌చార్ అనే ఫంక్షన్ ఒక్కో బైటునూ తెస్తుంది. వచ్చింది నేనైతే ఒకటి కలపాలి. ఫైలు అయిపోయిందన్న గుర్తు వచ్చేదాకా ఇదే పని.

ఇంత చిన్న పనిలోనూ తప్పటడుగులకు కొదవ లేదు. గెట్‌చార్ ఇచ్చిన విలువను ఇంట్ రకం చరరాశిలో దాచాలి, క్యార్ రకంలో కాదు. ముగింపు గుర్తు రుణసంఖ్య. క్యార్‌లో పెడితే కొన్ని యంత్రాల్లో 255 విలువున్న మామూలు బైటే ముగింపులా కనపడి లెక్క మధ్యలో ఆగిపోతుంది. మరికొన్నింట్లో అసలు ఆగనే ఆగదు.

ఇంకొందరు వంద బైట్ల చోటిచ్చి ఎఫ్‌గెట్స్‌తో చదువుతూ, చదివిన ప్రతిసారీ ఒకటి కలుపుకుంటూ పోతారు. అది ఒక విడతకు 99 బైట్లే తెస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతం గుర్తుకు మరో మూడు. అంటే 33 గుర్తులకే చోటు నిండుతుంది, ఒక పొడుగాటి వరుస నాలుగైదుగా నమోదవుతుంది. చదివిన ముక్క చివర నేనున్నానో లేదో చూసి కలిపితే ఈ గొడవే ఉండదు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది మరొకటుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లన్నీ 127కి పైనే, అందుకని వాటిలో నా పోలిక ఉన్నది ఒక్కటీ లేదు. యూటీఎఫ్-16 దగ్గరే చిక్కు. అందులో 'ఊ' అక్షరానికి రెండు బైట్లు: ఒకటి 12, రెండోది సాక్షాత్తూ 10! బైటు బైటుగా లెక్కపెట్టే ప్రోగ్రాం 'ఊరు' కనపడగానే ఒక వరుస అయిందనుకుంటుంది. పాత నోట్‌ప్యాడ్‌లో 'యూనికోడ్' అని ఎంచుకుని దాచిన ఫైళ్లు ఈ కోవలోవే. ముందు వాటిని యూటీఎఫ్-8లోకి మార్చుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి.

ఇక చివరి వరుస. పోసిక్స్ ప్రమాణం ప్రకారం నాతో ముగిస్తేనే అది వరుస. యూనిక్స్‌లోని డబ్ల్యూసీ ఆదేశం కూడా నన్నే లెక్కిస్తుంది. చివర నేను లేకపోతే ఆఖరి వాక్యం ఎంత గొప్పదైనా లెక్కలోకి రాదు. ప్రోగ్రాం రాసేవారు చివరి బైటు నేను కాకపోతే ఒకటి అదనంగా కలిపితే సరిపోతుంది. ఫైలు రాసేవారూ, ఆఖరి వాక్యం తర్వాత ఒక్కసారి ఎంటర్ నొక్కండి.