పానాలు పోయిన పెట్టె

ఇప్పుడు ఎయిర్ రైఫిల్ పనిముట్లు మోస్తున్నా, నా అసలు పని తుపాకులు కాదు, టర్బైన్లు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో ఫిట్టరుగా పనిచేసిన పెద్దాయన పనిముట్ల పెట్టెను నేను. మందపాటి ఇనప రేకు, రెండు అరలు, పైన ఒక పిడి. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. చెప్పుకోవాల్సింది నాలో ఏముండేదో. మిల్లీమీటరులో వందో వంతు చూపే మైక్రోమీటరు, సందుల్లో దూర్చి కొలిచే ఫీలర్ గేజి, ఎత్తుపల్లాలు గీకి సరిచేసే స్క్రేపర్లు, మీదున్న అంకెలు అరిగిపోయినా కొలత తప్పని పానాలు. చెకొస్లోవేకియా సాయంతో 1960లలో వెలిసిన ఆ కర్మాగారంలోంచి టర్బైన్లు దేశంలోని ఎన్నో విద్యుత్ కేంద్రాలకు వెళ్లాయి. కొన్నిటి బిగింపులో నా పానాలకూ పాలుంది. షిఫ్టు అయ్యాక పెద్దాయన ఒక్కో పనిముట్టునీ గుడ్డతో తుడిచి, దేని చోట దాన్ని పెట్టి, అప్పుడే మూత వేసేవాడు.

ఆయన రిటైరయ్యాక నేను కొడుకు ఇంటికి చేరాను. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల బండలన్నీ పగిలి అద్దాల మేడలయ్యాయి. అబ్బాయికి వాటిలో ఒకదాంట్లో ఉద్యోగం, కొండాపూర్‌లో ఫ్లాటు. నాకు బాల్కనీలో వాషింగ్ మెషీన్ కింద చోటు. మెషీన్ కదలకుండా నన్ను ఆసరాగా తోశారు. సబ్బు నీళ్లు కారి నా అడుగున తుప్పు పట్టింది. వానాకాలంలో ఆ తుప్పు పై అరదాకా పాకింది. లోపల స్క్రేపర్ల అంచులు పొడిపొడిగా రాలుతుంటే నేనేం చేయగలను? ఆ ఇంట్లో ఎవరికీ పనిముట్టుతో పనే లేదు. కుళాయి కారినా, ఫ్యాను ఆగినా, తలుపు బందు ఊడినా ఫోనులో నొక్కితే మనిషి వచ్చేస్తాడు.

ఒక ఆదివారం వీధిలో 'పాత ఇనప సామాన్లు కొంటాం' అని మైకు పెట్టుకుని ట్రాలీ ఆటో వచ్చింది. అబ్బాయి నన్ను కిందికి మోసుకెళ్లి పానాలన్నీ కాటాలో పోశాడు. టర్బైను బోల్టులు బిగించిన పానాలు కిలోల లెక్కన పోయాయి. మైక్రోమీటరు చిన్నదని, కాటా మీద దాని బరువు తేలదని దాన్ని కొనేవాడు పక్కకు నెట్టాడు. నన్ను మాత్రం చెప్పుల పాలిష్ పెట్టుకోవచ్చని మళ్లీ పైకి తెచ్చారు. ఆ తరువాత నా మీద నల్ల పాలిష్ మరకలే ఉన్నాయి. చేతి వాసన లేదు. ఆ రోజు పోయిన పానాల మాట ఇప్పటికీ నాకు మానని గాయం.

ఇక రైఫిల్ సంగతి. 2003 అక్టోబరులో మన నగరంలోనే జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం గెలిచాడు. అదే పోటీలో 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ కుర్రాడు ఒలింపిక్ పతకం తెచ్చాడన్న ఉత్సాహం ఆఫీసుల్లోకీ పాకింది. అబ్బాయీ ఒక స్ప్రింగు రైఫిల్ కొన్నాడు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, మధ్యకు విరిచి గుండు పెట్టే రకం.

కొనడం తేలికే. అది ఏం తింటుందో, దేనికి చెడిపోతుందో అడిగి తెలుసుకున్నవాడు లేడు. ఈ రైఫిల్లో మందుగుండు ఉండదు. గొట్టం విరిచినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట లాగితే పిస్టన్ ముందుకు దూకి గాలిని ఒత్తుతుంది. ఆ గాలే గుండును తోస్తుంది. చివరి క్షణంలో పిస్టన్ గోడకు గుద్దుకోకుండా ఆపేది కూడా గుండు వెనకాల నలిగే ఆ గాలే. గుండు లేకుండా పేలిస్తే ఆ మెత్త ఉండదు. ఇనుము ఇనుముకు తగులుతుంది. అబ్బాయి స్నేహితులు బాల్కనీలో నిలబడి ఖాళీ రైఫిల్‌ను టప్ టప్ అని పేల్చేవారు. ఆ ప్రతి దెబ్బా నాకు వినిపించేది.

పైగా రైఫిల్ గట్టిగా ఉందని అబ్బాయి కుట్టు మిషను నూనె తెచ్చి లోపల పోశాడు. ఒత్తిడికి గాలి వేడెక్కి ఆ నూనె అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ నడిచేదీ ఇలాగే. ఢామ్మని చప్పుడు, పొగ, కాలిన వాసన. 'పవర్ పెరిగింది' అని మురిసిపోయారు. లోపల పిస్టన్ సీలు మాడింది, స్ప్రింగు విరిగింది. విప్పి చూద్దామని ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పితే స్క్రూల తలలు పగిలాయి. ఫోనులో నొక్కి చూశాడు. ఈ పని చేసే మనిషి అందులో లేడు. రైఫిల్ మంచం కిందికి పోయింది.

మా ఇద్దరినీ బయటికి తీసింది పాప, అంటే అబ్బాయి కూతురు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజికి స్కూలు వాళ్లు తీసుకెళ్లారట. మన ఊరి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన తరువాతి మాట ఇది. పాప మంచం కింద నుంచి రైఫిల్ లాగి తాతయ్య ముందు పెట్టింది. పెద్దాయన అప్పటికే వీళ్లతో ఉంటున్నాడు.

"తాతయ్యా, ఇది బాగవుతుందా?"

"ముందు నా పెట్టె తీసుకురా."

మూత తీసి చూశాడు. పాలిష్ డబ్బా, రెండు బ్రష్షులు, మూలన మిగిలిపోయిన మైక్రోమీటరు.

"ఒరేయ్, ఇందులో పానాలేవిరా?"

"అవన్నీ ఇప్పుడెందుకు నాన్నా..." అని అబ్బాయి నసిగాడు. పెద్దాయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు గానీ, ఆ సాయంత్రమంతా కిరసనాయిలు గుడ్డతో నన్ను రుద్దుతూనే ఉన్నాడు. తుప్పు వదిలిన చోట ఎర్ర పెయింటు వేశాడు.

మరుసటి వారం తాతా మనవరాలూ మెట్రోలో సికింద్రాబాద్ వైపు వెళ్లి రాణిగంజ్ దుకాణాలు తిరిగి వచ్చారు. సంచీ పెద్దదేం కాదు. నూట ఇరవై పనిముట్ల సెట్టు అంటూ అట్టపెట్టెల్లో అమ్మేది వాళ్లు ముట్టుకోలేదు. రైఫిల్లో ఏ మర ఉందో దానికి సరిపోయే పనిముట్టే నాలోకి వచ్చింది. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి. అవసరం లేని ఇనుముతో నిండిన పెట్టె తుప్పు పట్టడానికే పనికొస్తుంది.

మొదట స్క్రూడ్రైవర్లు. మామూలు డ్రైవర్ కొన చివరికి పోనుపోను సన్నబడుతుంది. గాడిలో పెట్టి బలంగా తిప్పితే పైకి జారి తలను చెక్కేస్తుంది. పెద్దాయన ఆకురాయితో దాని రెండు ముఖాలనూ సమాంతరంగా అరగదీశాడు. గాడి వెడల్పు, మందం చూసుకుంటూ, గాడిలో నిలబెడితే వదిలినా పడిపోనంత బిగువుగా. నేనింతకాలం మోసిన మైక్రోమీటరు మళ్లీ పనిలోకి దిగింది ఆ రోజే. ఆ తరువాత సైజుల వారీగా ఎల్ కీలు. ట్రిగ్గరు దగ్గరి పిన్నులు తట్టి తీయడానికి పిన్ పంచ్‌లు. పిన్ను వ్యాసం కంటే పంచ్ వెంట్రుక వాసి సన్నంగా ఉండాలి, లేకపోతే రంధ్రం అంచు నలుగుతుంది. తట్టడానికి ఇత్తడి సుత్తి. సీలు పెకలించడానికి ఉక్కు సూది వద్దని వెదురు పుల్ల చెక్కాడు. గాడిలో గీత పడితే కొత్త సీలు వేసినా గాలి కారుతుంది.

అన్నిటికంటే ప్రమాదమైనది స్ప్రింగు. రైఫిల్ కాక్ చేయకపోయినా అది లోపల నొక్కుకునే ఉంటుంది. వెనక బిళ్ల ఊడదీస్తే ఒక్కసారిగా బయటికి దూకుతుంది. ముఖం ఎదురుగా ఉంటే అంతే సంగతులు. పెద్దాయన వడ్రంగులు వాడే పొడవాటి సాష్ క్లాంపు కొన్నాడు. రెండు చెక్క దిమ్మలు పెట్టి రైఫిల్ను అందులో బిగించి, పిన్ను తీసి, క్లాంపు మరను ఒక్కో చుట్టే వదులుతూ స్ప్రింగు బలాన్ని మెల్లగా దించాడు. పాప ఎదురుగా నిలబడబోతే పక్కకు లాగాడు.

"పనిముట్టు లేకపోతే పని ఆపాలి గానీ, ధైర్యం చేయకూడదమ్మా" అన్నాడు.

విరిగిన ముక్కలు బయటపడ్డాయి. కొత్త స్ప్రింగు, కొత్త సీలు. దుకాణంలో ఎవరో ఇంకా గట్టి స్ప్రింగు వేయించమన్నారట. పెద్దాయన ఒప్పుకోలేదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టంతో, 20 జూళ్ల లోపు బలం ఉన్నదానికే లైసెన్సు అక్కర్లేదు. పోటీల గుండు బరువు సుమారు 0.53 గ్రాములు. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళితే ఎనిమిది జూళ్లు కూడా కాదు. పది మీటర్ల రైఫిల్ గురిలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని కొట్టడానికి కావలసింది నిలకడ. బలం పెంచితే కుదుపు పెరుగుతుంది, చట్టం గీతా దాటవచ్చు.

కుదుపంటే గుర్తొచ్చింది. ఈ రకం రైఫిల్ వెనక్కీ, ముందుకీ రెండు వైపులా తంతుంది. దాంతో కర్రకు బిగించిన స్క్రూలు రోజురోజుకూ వదులవుతాయి. గురి తప్పుతోందని పిల్లలు తమ చేతిని తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు స్క్రూది. అందుకే నాలో నీలం రంగు థ్రెడ్ లాకర్ చిన్న సీసా ఉంది. మరకు ఒక్క చుక్క. పక్కనే స్ప్రింగుకు పూసే నల్లటి మాలీ గ్రీజు, సీళ్లకు సిలికాన్ నూనె. కుట్టు మిషను నూనెను పెద్దాయన తుప్పు రాకుండా బయటి ఇనుముకే కేటాయించి, సీసా మీద 'లోపలికి వద్దు' అని కాగితం అంటించాడు. గొట్టం తుడవడానికి ఉన్ని గుళికలు. ఇనప బ్రష్షు నాలోకి రానే లేదు, సీసం గుళ్లకు దాని అవసరమూ లేదు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగితేగాని పాపను అన్నానికి కూర్చోనివ్వరు.

డాలస్‌లో ఉన్న పెద్దాయన అల్లుడుగారు ఒకసారి వీడియో కాల్‌లో కంగారుగా కనిపించారు. ఆయనది ఎయిర్‌సాఫ్ట్ సరదా. ఆ బొమ్మ తుపాకులు 1970లలో జపాన్‌లో మొదలయ్యాయి. ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్లు పేలుస్తాయి. 1991లో టోక్యో మారుయి బ్యాటరీతో తిరిగే రకం తెచ్చాక వాటి కడుపులో మోటారు, గేర్లు, స్ప్రింగు, పిస్టన్ అన్నీ ఒక చిన్న పెట్టెలో ఇమిడిపోయాయి. అల్లుడుగారు ఆ పెట్టె విప్పగానే స్ప్రింగు ఎగిరి, చిన్న చిన్న వాషర్లు కార్పెట్‌లో కలిసిపోయాయి. పాప నన్ను ఫోను ముందుకు జరిపి ఒక్కొక్కటీ చూపించింది. "మావయ్యా, ముందు గేర్లను వెనక్కి తిరగకుండా పట్టుకునే కొక్కెం వదలాలి. పెట్టె వెనక రంధ్రం ఉంటే అందులోంచి పొడవాటి ఎల్ కీ దూర్చి స్ప్రింగును పట్టుకుని మూత తీయాలి. విప్పేముందు ప్రతి వరసా ఫోటో తీసుకో. రబ్బరు భాగాలకు సిలికాన్ తప్ప ఇంకే నూనే వద్దు." నేను మోసేవి అక్కడా పనికొస్తాయని తెలిసి నాకు కలిగిన గర్వం చిన్నది కాదు. టర్బైన్ల రోజుల తరువాత మళ్లీ అంత గర్వం అదే.

పాప ఇప్పుడు రేంజిలో సిలిండరు రైఫిల్‌తో సాధన చేస్తోంది. అందులో గాలి 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. సిలిండరు మీద తయారీ తేదీ ఉంటుంది, దానికి గడువూ ఉంటుంది. దాని కవాటాలు విప్పే పనిముట్టేదీ నాలో లేదు, ఉండకూడదని పెద్దాయన ఆజ్ఞ. అది తయారీదారు మనుషులు చేయాల్సిన పని. నా వంతు ఆ పాత స్ప్రింగు రైఫిలే. ఇంట్లో నిలబడి గురి పట్టే సాధనకు పాప దాన్నే వాడుతుంది.

పెద్దాయనకు చూపు మందగించింది, పిన్ను కనబడదు. ఇప్పుడు పంచ్ పట్టేది పాప. మొన్న గొట్టం విరిచే చోట, అంటే బ్రీచ్ దగ్గర, టిష్యూ కాగితం ముక్క పెట్టి గురిపలక మీదికి ఒక గుండు పేల్చి చూసింది. కాగితం ఎగిరింది. అంటే అక్కడి రబ్బరు రింగు గాలి వదులుతోంది. పాత రింగు నలిగి ఉంటుంది గనుక దాన్ని ఒక్కదాన్నే కొలిస్తే సరిపోదని గాడి లోతూ వెడల్పూ కూడా కొలిచి చీటీ రాసి నా పై అరలో పెట్టింది. రాణిగంజ్‌లో ఆ కొలతది దొరుకుతుందేమో అడగడానికి ఆదివారం వాళ్ల నాన్న వెళతానన్నాడు. వచ్చేటప్పుడు ఒక పానాల సెట్టు కూడా తెస్తాడట, ఏ సైజులు కావాలో పెద్దాయనను అడిగి అదే చీటీ వెనక రాసుకున్నాడు.