జామీను కావ్యలక్షణము

అష్టాదశవర్ణనలు లేక ప్రబంధము నిండనట్లే, వరకట్న మరణపు కేసులో ముద్దాయి దాఖలుచేయు బెయిలు పిటిషనునకును కొన్ని తప్పనిసరి వర్ణనలు కలవు; వానిలో నొక్కటి లోపించినను వకీలుగారి గుమాస్తా దానిని టైపుచేయుటకే సమ్మతింపడు.

మృతురాలు కడుపునొప్పి తాళలేక ప్రాణము తీసుకొన్నదనునది ప్రథమవర్ణన. అత్తవారింట కాలుపెట్టిన కోడండ్రను మాత్రమే పట్టి పీడించి, అదే వంట తిను భర్తను, అత్తమామలను ఎన్నడును స్పృశింపని ఈ విచిత్రవ్యాధిని గూర్చి వైద్యశాస్త్రము మౌనము వహించుట శోచనీయము. పూర్వము కిరసనాయిలు స్టవ్వు పేలుట దీనికి తోడుగా నుండెడిది. ఇంటింటికి గ్యాసు వచ్చిన పిమ్మట ఆ స్టవ్వు కావ్యరంగమునుండి నిష్క్రమించినది. అత్తమామలు వేరు కాపురమనునది రెండవది: కోడలు మేడమీదను, వారు క్రిందను ఉన్నచో, నడుమనున్న మెట్లు వకీలుగారి చేతిలో నొక జిల్లా సరిహద్దగును.

అన్నింటిలో రసవత్తరమైనది, "ఇంతకు మున్నెన్నడును ఫిర్యాదు లేదు" అనునది. ఆ పిల్ల ఏడ్చుచు పుట్టింటికి వచ్చినప్పుడెల్ల పెద్దమనుషులు అరుగుమీద పంచాయితీ పెట్టి, "సర్దుకుపోవమ్మా, నీ వెనుక చెల్లెలున్నది" అని చెప్పి, చీర పెట్టి, బండి యెక్కించి పంపిరి. పరువునకై తల్లిదండ్రులు నోరు కట్టుకొన్న ఆ సంవత్సరములే నేడు అల్లునికి సచ్ఛీలతా పత్రములైనవి. ఒకవేళ ఫిర్యాదు చేసియున్నచో, "ఆమె గయ్యాళి, అదియును రాజీయైనది" అని వ్రాయుటకు గుమాస్తా కలము సిద్ధముగనే యున్నది.

ఇక చట్టము. వివాహమైన ఏడేండ్లలోపల స్త్రీ అసహజముగా మరణించి, మరణమునకు కొద్దికాలము ముందు కట్నమునకై వేధింపబడినట్లు చూపగలిగినచో, అది అత్తవారి కృత్యమేయని కోర్టు భావించి తీరవలెనని 1986లో శాసనకర్తలు నిర్దేశించిరి. నాటి శిక్షాస్మృతిలోని 304-బి నేడు న్యాయసంహితలో 80వ సెక్షనైనది. శిక్ష ఏడేండ్లకు తగ్గదు. కాని ఆ భావన తుది విచారణనాటికి భద్రపరుపబడిన పట్టుచీర వంటిది. బెయిలునాడు దాని మడత విప్పుట మర్యాద కాదు. విసెరా నివేదిక రాక తొంబది దినములలో అభియోగపత్రము పడనిచో, చట్టము ప్రకారమే బెయిలు, పడినచో, "దర్యాప్తు ముగిసినది, ఇక కస్టడీ యెందుకు?" అని బెయిలు.

బెయిలే నియమము, జైలు మినహాయింపు అని 1977లో జస్టిస్ కృష్ణయ్యరు బోధించిన ధర్మమును నేను కాదనను. ఎక్కడో కాపురముండు ఆడపడుచును కూడ ఫిర్యాదులో చేర్చుట మనమెరుగని ఆచారము కాదు. నా అచ్చెరువెల్ల, ఆ ఆడపడుచునకును, మెడమీద కమిలిన గుర్తులకు జవాబు చెప్పవలసినవానికిని ఒకే ఉత్తర్వు సరిపోవుటను గూర్చియే. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశపు కేసొకదానిలో ఆడపడుచుల బెయిలు నిలిపి, అత్తమామల బెయిలు రద్దుచేసి, యాంత్రికముగా నడువవలదని క్రింది కోర్టులను మందలించినది. ఆ మందలింపునకు తరువాతి పిటిషనులో "ఆ కేసు వేరు" అను పేరా యొకటి అదనముగా చేరినది.

అత్తగారికి మరియొక సౌకర్యము: స్త్రీలయెడలను, రోగులయెడలను బెయిలు విషయమున చట్టము కనికరము చూపుమన్నది. కోడలికి అక్కరకు రాని ఆ కనికరము, రిమాండుమాట వినగనే రక్తపోటు హెచ్చు అత్తగారిని వెదకికొని వచ్చును.

పిమ్మట ఇద్దరు జామీనుదారులు, ఇరువదియైదు వేల పూచీకత్తు, ఆదివారము ఠాణాలో సంతకము. ఎకరములు, తులములు, బుల్లెట్టు బండి కోరిన వియ్యంకునితో పోల్చగా మన ప్రభుత్వము మిక్కిలి అల్పసంతోషి. అటుపై పెండ్లిళ్ల పేరయ్య సంచి చంకనిడి, పొరుగూరి ఆడపిల్ల తండ్రి యెదుట కూర్చుండి, "కేసున్నమాట నిజమే గాని బెయిలు వచ్చేసింది బాబూ, అబ్బాయి బుద్ధిమంతుడు" అని మొదలిడును. ఆ తండ్రియు ఒక్క నిమిషము తలవంచుకొని, ఎంత అడుగుచున్నారని విచారించును.