మోకాలు బాగుందని చెప్పాను

స్కైడైవింగ్‌కు ముందు నింపే కాగితంలో ఒక ప్రశ్న ఉండింది. వెన్నులో, మెడలో, మోకాళ్లలో ఏమైనా బాధ ఉందా అని. నా తరఫున నింపుతున్న నా కూతురు తలెత్తి, "నాయనా, నీ ఎడమ మోకాలి సంగతి రాసేదా?" అని అడిగింది. "ఏం వద్దు, లేదని రాయి" అన్నాను. ఆ ఒక్క మాటకు, నాకు ఏ అపకారమూ చేయని ఒక మనిషి చీలమండ విరిగి నెలల తరబడి పనికి దూరమయ్యాడు. నేను మాత్రం పైపై గీరుడు దెబ్బలతో మా ఊరు కలకడకు తిరిగొచ్చాను.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయినవాణ్ని. రాయచోటి, పీలేరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారులు నా చేతులకు తెలుసు. హార్స్‌లీ కొండ ఘాట్ రోడ్డులో నిండు బస్సును దించుకుంటూ వచ్చేటప్పుడు డ్రైవరుకు రెండు భయాలుంటాయి. ఒకటి బ్రేకులు, రెండోది ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుడు. బ్రేకుల సంగతి పొద్దున్నే డిపోలో చూసుకుంటాం. ఫుట్‌బోర్డు మీది మనిషిని చూసుకునేదెవరు? "గట్టిగా పట్టుకున్నాలే అన్నా, నువ్వు పోనీ" అంటాడు. మలుపులో చెయ్యి జారితే పోయేది అతని ప్రాణం, మిగిలేది నా మీద కేసు. అట్లాంటివాళ్లు లోపలికి వచ్చేదాకా బస్సు కదిలించని మనిషిని నేను. ఇంత తెలిసినవాణ్ని, ఇంకొకరి చేతిలో నా ప్రాణం పెట్టిన రోజున అచ్చంగా ఆ ఫుట్‌బోర్డు ప్రయాణికుడి మాదిరే నడుచుకున్నాను. అందుకే దీన్ని తెలియక చేసిన తప్పు అనుకోలేకపోతున్నాను.

క్లచ్ తొక్కి తొక్కి నా ఎడమ మోకాలు అరిగింది. కింద కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకోకుండా లేవలేను. కాలు చాచి గాల్లో నిలపమంటే తొడ వణుకుతుంది. ఈ విషయం మా ఇంటామెకు తెలుసు, డాక్టరుకు తెలుసు, నా కూతురికి తెలుసు. తెలియాల్సిన వాడికి మాత్రం చెప్పలేదు.

నా కూతురు, అల్లుడు టెక్సాస్‌లో ఉంటారు. మేము వాళ్ల దగ్గరికి పోయినప్పుడు, నేను రిటైరయినందుకు బహుమతిగా టాండెం స్కైడైవింగ్ టికెట్టు కొన్నారు. విమానంలో నుంచి ఒక ఇన్‌స్ట్రక్టర్, ఆయన ముందు కట్టుకున్న కొత్త మనిషి, ఇద్దరూ ఒకే పారాచూట్‌తో దూకడమే టాండెం. మా ఇంటామె వద్దంటే వద్దనింది. మనవడేమో "తాతా, నువ్వు దూకుతావా?" అని ఎగిరి గంతేశాడు. వాడి ముందు నాకు మోకాలు నొప్పి అని చెప్పడం నామోషీ అనిపించింది. నా అబద్ధానికి కారణం ఇంతే.

నేలమీద ఇన్‌స్ట్రక్టర్ నేర్పించిన పాఠం ఇంగ్లీషులో సాగింది. నాకు సగం అర్థమయింది, సగం కాలేదు. అర్థం కానప్పుడు కూడా "ఓకే" అన్నాను. కూతురు పక్కనే ఉన్నా ఒక్కసారి కూడా తెలుగులో చెప్పమని అడగలేదు. పిల్లల దగ్గరికి పోయే మన పెద్దవాళ్లలో చాలామందికి ఈ అలవాటు ఉంది. ఎదుటివాడికి విసుగు రాకూడదని తల ఊపుతాం. ఆసుపత్రిలో, ఎయిర్‌పోర్టులో, బ్యాంకులో ఊపుతాం. అక్కడ పోయేది డబ్బో సమయమో. ఇక్కడ ఆ "ఓకే"ను నమ్మి ఒక మనిషి నన్ను ఒంటికి కట్టుకొని విమానం తలుపు దగ్గరికి నడిచాడు.

ఆయన చేసే పని ఎంత పెద్దదో తర్వాత తెలుసుకున్నాను. ఒంటరిగా బోర్లా పడే మనిషి గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో కిందికి వస్తాడు. ఇద్దరిని ఒకటిగా కడితే బరువు రెట్టింపవుతుంది కానీ గాలికి అడ్డం పడే ఒళ్లు ఆ లెక్కన పెరగదు. వేగం 280 దాకా పోతుంది. ఆ వేగంలో పెద్ద పారాచూట్ విచ్చుకుంటే గుడ్డ చినగవచ్చు, మనుషుల ఒళ్లు ఆ కుదుపుకు తట్టుకోలేకపోవచ్చు. అందుకే దూకిన కొద్ది క్షణాలకే ఇన్‌స్ట్రక్టర్ డ్రోగ్ అనే చిన్న పారాచూట్‌ను వెనక్కి విసురుతాడు. అది వెనక నుంచి లాగుతూ ఇద్దరి వేగాన్ని మళ్లీ ఒక్క మనిషి వేగానికి తెస్తుంది. అమెరికాలో బిల్ బూత్, టెడ్ స్ట్రాంగ్ అనే ఇద్దరు 1980ల మొదట్లో ఈ టాండెం పద్ధతికి రూపం ఇచ్చారు. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ దీన్ని 1984లో ప్రయోగంగా అనుమతించి, 2001లో మామూలు నిబంధనల్లోకి తెచ్చింది.

ఆ డ్రోగ్ విసిరే క్షణమే అన్నిటికన్నా గడ్డు క్షణమట. ముందున్న మనిషి నడుము ముందుకు తోసి, తల వెనక్కి వాల్చి, మడమలు ఇన్‌స్ట్రక్టర్ కాళ్ల మధ్యకు మడిచి పెట్టుకోవాలి. అప్పుడే ఇద్దరూ తిన్నగా, పొట్ట కిందికి పెట్టి పడతారు. ముందున్నవాడు భయంతో ముడుచుకున్నా, ఒక కాలు ఒక వైపుకు తన్నినా ఇద్దరూ పక్కకు ఒరిగి గిరగిర తిరగడం మొదలవుతుంది. ఆ తిరుగుడులో డ్రోగ్ విసిరితే దాని తాడు ఒంటికి చుట్టుకోవచ్చు. విసరకుంటే వేగం పెరుగుతూ పోతుంది. మంచి ఇన్‌స్ట్రక్టర్ ముందు ఒళ్లు తిన్నగా చేసుకొని తర్వాత విసురుతాడు. ఆలోచించుకోవడానికి ఆయనకుండేది కొన్ని క్షణాలే. చెప్పినట్టు నా చేతులు నా ఛాతీ పట్టీల మీద ఉండాల్సింది. తలుపు దాటగానే నేను వెనక్కి చేయి చాచి ఆయన మోచేయి పట్టుకున్నాను. ఆయన నా చేతిని విడిపించి, తిన్నగా చేసి, అప్పుడు డ్రోగ్ విసిరాడు. ఆ క్షణంలో తగిలిన కుదుపును నేను గాలి వల్ల అనుకున్నాను. దూకేటప్పుడు తీసిన వీడియోలో చూసేదాకా అది నా చేయి వల్ల అని తెలియలేదు.

డ్రోగ్ విసిరిన తర్వాత ఆయన తన చేతులతో పిడులన్నీ ఒక్కొక్కటిగా తాకి చూసుకున్నాడు. పెద్ద పారాచూట్‌ను విప్పే పిడి, అది చెడితే దాన్ని వదిలించుకునే పిడి, ఆపత్కాలపు రెండో పారాచూట్ పిడి. వాటిని వెతుక్కునే పని పడకముందే చేతికి దారి గుర్తు చేయడం అది. నాకు ఆయనంటే గౌరవం మొదలయింది ఆ వీడియోలో ఈ ముక్క చూసినప్పుడే. ప్రతి సారీ, ప్రతి మనిషితో, తప్పకుండా చేస్తాడట.

సుమారు 5,500 అడుగుల దగ్గర పెద్ద పారాచూట్ విప్పాడు. మన హార్స్‌లీ కొండ సముద్రమట్టం నుంచి 4 వేల పైచిలుకు అడుగులు. దానికన్నా ఎత్తులో, చప్పుడు లేని గాల్లో వేలాడుతున్నాను. అప్పుడాయన దిగడం ఎట్లాగో మళ్లీ ఒకసారి చేసి చూపించమన్నాడు. రెండు కాళ్లూ నడుము ఎత్తుకు ఎత్తి ముందుకు చాచి పట్టుకోవాలి. నా కుడి కాలు లేచింది. ఎడమది సగం లేచింది. ఆయన గమనించి, ప్యాంటును మోకాళ్ల దగ్గర రెండు చేతులతో పట్టుకొని లాగమన్నాడు. లాగాను, లేచింది. "నొప్పా?" అని అడిగాడు. "నో" అన్నాను. నిజం చెప్పడానికి దొరికిన చివరి అవకాశం అది. అప్పటికైనా చెప్పి ఉంటే ఆయన ఇంకా జాగ్రత్త పడి ఉండేవాడు.

ఎందుకు కాళ్లెత్తాలో ఇప్పుడు నాకు తెలుసు. దిగేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ రెండు తాళ్లనూ ఒకేసారి కిందికి లాగి పారాచూట్ వేగాన్ని చంపుతాడు. అయినా ముందుకు పోయే వేగం కొంత మిగులుతుంది. కట్టిన మనిషి కాళ్లు ఇన్‌స్ట్రక్టర్ కాళ్లకన్నా ముందు నేలను తాకితే ఇద్దరి బరువూ ఆ రెండు కాళ్ల మీద పడుతుంది, వెనకున్నవాడు ముందున్నవాడి మీద బోర్లా పడతాడు. కాళ్లు ఎత్తి పెడితే ఇద్దరూ పిరుదుల మీద గడ్డిలో జారుకుంటూ ఆగుతారు.

కిందికి వస్తున్నాం. నా కూతురు, అల్లుడు, మనవడు, మా ఇంటామె కంచె దగ్గర కనిపించారు. మనవడు రెండు చేతులూ ఊపుతున్నాడు. నేను ఎడమ మోకాలి దగ్గర ప్యాంటు వదిలి వాడికి చేయి ఊపాను.

కాలు జారి కిందికి వేలాడింది. వెనక నుంచి ఆయన గట్టిగా అరిచాడు. మళ్లీ ఎత్తబోయాను, మోకాలు మాట వినలేదు. నా పాదం నేలకు తగిలేలోపల ఆయన తన కాలు ముందుకు పెట్టి ఇద్దరి బరువునూ దాని మీదికి తీసుకున్నాడు. విరిగిన చప్పుడు నేను విన్నాను. పక్కకు పడ్డాం. ఆయన లేవలేదు. అయినా మొదట అడిగింది నేను బాగున్నానా అని.

ఆయన కట్టు కట్టించుకొని ఇంట్లో ఉన్నప్పుడు నేను కూతుర్ని వెంటబెట్టుకొని పోయి కలిశాను. మోకాలి సంగతి దాచానని చెప్పాను. ఆయన కోప్పడలేదు, అది నాకు ఇంకా కష్టమనిపించింది. ఎన్నిసార్లు దూకితే అంత కూలి ఆయనకు. దూకకుంటే లేదు. చేతికందే సీజనంతా అట్లా పోయింది. మేము ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. తన తప్పు కూడా ఒకటుందన్నాడు. నేలమీద నన్ను హార్నెస్‌లో వేలాడదీసి కాళ్లు ఎత్తించి, కొంతసేపు నిలపమని చూడాల్సింది, నా "ఓకే"ను తీసుకోకుండా ఉండాల్సింది అన్నాడు. అది ఆయన పెద్దమనసు. ఇన్‌స్ట్రక్టర్లు నేర్చుకోవాల్సిన మాటే అయినా, దాన్ని అడ్డం పెట్టుకొని నా భారం తగ్గించుకోలేను.

అమెరికా నిబంధన ప్రకారం టాండెం ఇన్‌స్ట్రక్టర్‌కు కనీసం మూడేళ్ల అనుభవం, 500 సార్లు దూకిన లెక్క, పెద్ద లైసెన్సు, ఆ పారాచూట్ రకం మీద ప్రత్యేక శిక్షణ ఉండాలి. రెండో పారాచూట్‌ను వాడినా వాడకపోయినా 180 రోజుల లోపల లైసెన్సున్న రిగ్గర్ విప్పి, పరీక్షించి మళ్లీ మడిచి ఉండాలి. మనిషి స్పృహ తప్పినా దానంతట అదే రెండో పారాచూట్‌ను విప్పే పరికరం తప్పనిసరి. చాలామంది వాడే సైప్రెస్ అనే పరికరం టాండెంలో దాదాపు 1,900 అడుగుల దగ్గర, ఇంకా వేగంగా పడుతూ ఉంటే పని చేస్తుంది. ఇన్ని కట్టుబాట్లూ ప్రాణాలు కాపాడడానికే.

కట్టుబాటు తప్పితే ఏమవుతుందో 2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లోడై దగ్గర తెలిసింది. మొదటిసారి దూకిన 18 ఏళ్ల కుర్రవాడు, అతన్ని కట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్ ఇద్దరూ చనిపోయారు. ఆ ఇన్‌స్ట్రక్టర్‌కు సరైన అర్హత పత్రాలు లేవని తర్వాత బయటపడింది. ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ పేరుతో మోసం చేసిన వ్యక్తికి కోర్టు జైలుశిక్ష వేసింది. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో హ్యాంగ్ గ్లైడర్ పైలట్ తన ప్రయాణికుడిని తగిలించడమే మరిచిపోయి కొండ మీద నుంచి ఎగిరాడు. ఆ మనిషి రెండు నిమిషాలకు పైగా చేతులతో వేలాడి బతికాడు.

మనవాళ్ల కథ అట్లా ముగియలేదు. 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లోని కుల్లు దగ్గర డోభీలో టాండెం పారాగ్లైడింగ్ చేస్తూ తెలంగాణ నుంచి పోయిన 26 ఏళ్ల అమ్మాయి పడిపోయి చనిపోయింది. సేఫ్టీ బెల్టు సరిగా బిగించి ఉందో లేదో చూసుకోలేదని మొదటి విచారణలో తేలింది. పైలట్‌ను అరెస్టు చేశారు. ఆ అమ్మాయి ఏ అబద్ధమూ చెప్పలేదు. ఏ తప్పూ చేయలేదు. చూడాల్సినవాడు చూడలేదు, అంతే. ఆ వార్త చదివినప్పుడు నాకు చాలాసేపు ఊరుకోలేనంత బాధ కలిగింది. చూడాల్సినవాడు చూడకపోవడం వల్ల ఒక బిడ్డ పోయింది. నన్ను కట్టుకున్న మనిషి పిడులన్నీ తాకి చూశాడు, నొప్పా అని అడిగాడు, నేను అతన్ని మోసం చేశాను.

ఇన్‌స్ట్రక్టర్‌గా పని చేస్తున్నవాళ్లలో తెలుగు చదివేవారెవరైనా ఉంటే నా మాట ఇదీ. మా వయసువాళ్లు చెప్పే "ఓకే"ను నమ్మవద్దు. కాళ్లు ఎత్తించి చూడండి, ఎంతసేపు నిలుపుతారో చూడండి. చెప్పింది తిరిగి మా భాషలో మా నోటితో చెప్పించండి. బిడ్డలను పక్కన కూర్చోబెట్టి తెలుగులో చెప్పించండి. మేము నొచ్చుకుంటామని మొహమాటపడవద్దు. కొక్కీలు నాలుగూ, భుజాల దగ్గర రెండు, నడుము దగ్గర రెండు, మేము కళ్లతో చూసేటట్టు, చేత్తో తాకేటట్టు చేయండి. తొడ పట్టీలు బిగుతుగా ఉన్నాయని మేము గునిసినా వదులు చేయవద్దు.

ఇక మన ఊళ్ల నుంచి బిడ్డల దగ్గరికి పోయే పెద్దవాళ్లకు. అమెరికాలోనే కాదు, మైసూరులో, హర్యానాలోని నార్నౌల్‌లో కూడా ఇట్లా దూకించిన శిబిరాలున్నాయి. పోవాలనిపిస్తే పోండి, అది గొప్ప అనుభవమే. ముందు రోజు ఇంట్లో కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చొని, చేతులతో పట్టుకోకుండా రెండు కాళ్లూ ఎత్తి చాచి పది సెకన్లు నిలపండి. నిలవకపోతే ఆ మాట ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పండి, ఆయన వద్దంటే వాదించకండి. టికెట్టు డబ్బు పోతే పోనీ, నేల మీదే మనవడి పక్కన నిలబడి పైకి చూడండి.