సైలెన్సర్‌కు బోను, కొన్నవాడికి సలాము

మీ వ్యాను సైలెన్సర్‌కు బోను కట్టించారా? ఇంకా లేదా? ఎంత గుండె ధైర్యమండీ మీది! మా కడప జిల్లా ఖాజీపేటలో ఇప్పుడు కొత్త వ్యాను కొన్నవాణ్ని మైలేజీ ఎంతని ఎవరూ అడగడం లేదు. గుడి ముందర పూజ అయింది, గుమ్మడికాయ పగిలింది, చక్రాల కింద నిమ్మకాయలు నలిగినాయి. ఇక వెల్డింగు షాపుకు ఎప్పుడు పోతున్నావన్నదే ప్రశ్న.

వాట్సాప్‌లో తిరుగుతున్న సైలెన్సర్ దొంగల బారిన పడకుండా జాగ్రత్తల చిట్టా మీకూ వచ్చే ఉంటుంది. బండిని వెలుతురులో నిలపాలట. మా వీధి దీపం సంగతి ముందు పంచాయతీని అడగండి. సీసీ కెమెరా పెట్టుకోవాలట. తలకు టవలు చుట్టుకున్నవాడు మన బండి కింద దూరే దృశ్యాన్ని మర్నాడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు. అలారం బిగించాలట, కుక్క వచ్చి ఒళ్లు రుద్దుకున్నా అది కూస్తుంది కాబట్టి మూడో రాత్రికి ఇంటాయనే లేచి వైరు పీకేస్తాడు. సైలెన్సర్‌లో విషవాయువులను మార్చే కన్వర్టర్ డబ్బా మీద బండి నంబరు చెక్కించాలట, దొంగల కన్ను దాని మీదే. సుత్తితో పగలగొట్టి లోపలి పొడి తీసుకునేవాడు నంబరు చదివి సిగ్గుపడతాడు కాబోలు.

ఇవన్నీ ఒక ఎత్తు, బోను ఒక ఎత్తు. దాన్ని ఒక్క మాటతో వదలడం నాకు చేతకాదు.

బోను అంటే వేలెడు లావు ఇనుప కడ్డీలను అడ్డంగా నిలువుగా అతికించి, బండి కింద కన్వర్టర్ చుట్టూ బిగించే జైలు. నేరం చేయకుండా జైలుకు పోయిన సామాను ఈ దేశంలో ఇదొక్కటే. వెల్డరు మాట కూడా వినండి. “సార్, ఇది బిగించినాక దొంగ కాదు, వాని తాత వచ్చినా తీయలేడు.” సంతోషం. మరి సర్వీసుకు ఇస్తే మెకానిక్ తీయగలడా? “ఆయప్పా తీయలేడు సార్. మళ్లీ నా కాడికే రావాల.” చూశారా, దొంగ ఒక్కసారే వస్తాడు. ఈయన దగ్గరికి మనం ఏటా పోవాలి.

సరే, బిగించాం. నేలకు బండికి మధ్య ఉన్న ఖాళీ కాస్తా కడ్డీలు తినేశాయి. ఇక ఊళ్లో ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్‌బ్రేకర్లు ఉండనే ఉన్నాయి. ప్రతి దిబ్బ దగ్గరా కింద ‘గర్ర్’మంటుంది, లోపల బడిపిల్లలు చప్పట్లు కొడతారు. బోను ఒకవైపు వంగి సైలెన్సర్‌ను నొక్కుతుంది. దొంగ రాకముందే సైలెన్సర్ పోయింది. కాపాడుకున్నామా లేదా?

అంతటితో అయిపోలేదు. పల్లె రోడ్డు మీద ఉలవ కట్టె పరిచి బండ్లతో తొక్కిస్తారు కదా, ఆ ఎండు పుల్లలు కడ్డీల సందుల్లో బాగా ఇరుక్కుంటాయి. కన్వర్టర్ పనిచేసేటప్పుడు లోపల వందల డిగ్రీల వేడి ఉంటుంది. ఎండుకట్టె, వేడి, పైన పెట్రోలు బండి. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి, దానికి భద్రత అని పేరు పెట్టి, డబ్బు కూడా మనమే కట్టి వచ్చాం.

పైగా బోనంటే కిలోల కొద్దీ ఇనుము. గట్టి కటింగ్ మిషన్ తెచ్చుకున్న దొంగకు కన్వర్టర్‌తో పాటు అదీ కొసరుగా దొరుకుతుంది. దాన్నీ అదే గుజిరీ అంగట్లో తూకం వేస్తారు. రేపు బోను చుట్టూ ఇంకో బోను కట్టమంటారేమో, వెల్డరన్న దగ్గర కడ్డీలకు కొదవ లేదు.

నంబర్ ప్లేటుకైతే మన సర్కారు తిరిగి విప్పి వాడుకోలేని లాకు పెట్టించింది, దాని మీద లేజర్ నంబరు కూడా వేయించింది. ప్లేటు ఖరీదు వందల్లో. వేలు పోసినా రాని కన్వర్టర్‌కు మాత్రం మామూలు బోల్టులు చాలనుకున్నారు కంపెనీ వాళ్లు.

నవ్వులాట ఇక్కడికి చాలు. దొంగ ఆ డబ్బాను ఇంటికి తీసుకుపోయి షోకేసులో పెట్టుకోవడం లేదు. ఎవడో కొంటున్నాడు. చిట్టా పైనుంచి కిందిదాకా చదవండి, ఆ కొనేవాడి గురించి ఒక్క ముక్క ఉండదు. అన్నీ మనకే చెబుతారు: నువ్వు నిద్ర మానుకో, నువ్వు వెలుతురులో నిలుపు, నువ్వు ఖర్చు పెట్టు. సైలెన్సర్ పోగొట్టుకున్నవాడిదే తప్పన్నట్టు!

గుజరాత్, మహారాష్ట్రల్లో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు వరసబెట్టి పోయాయి. బండి ఎత్తుగా ఉంటుంది, జాకీ లేకుండానే మనిషి కిందికి దూరగలడు, బోల్టులు విప్పడం నిమిషాల పని. కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. బండి వదిలే విషవాయువులను మార్చేది ఆ పూతే. 2021 మార్చిలో ఔన్సు బంగారం 1,700 డాలర్ల చుట్టూ ఉంటే రోడియం 29 వేల డాలర్ల దాకా ఎగబాకింది. తర్వాత ధర బాగా దిగింది, అయినా రాత్రిపూట స్పానరు పట్టినవాడికి గిట్టుబాటే.

మనకు బంగారం విలువ ఎవరూ నేర్పక్కర్లేదు, పక్కనే ప్రొద్దుటూరు ఉంది. బిల్లు లేని ఉంగరం తీసుకుని అక్కడి బంగారు అంగడి మెట్లెక్కి చూడండి. ఎవరిది, ఎక్కడిది, ఎందుకు అమ్ముతున్నావని ఎగాదిగా చూసి గానీ త్రాసు ముట్టరు. అదే బంగారాన్ని మించిన లోహం ఉన్న డబ్బాను గోనెసంచిలో వేసుకుని తెల్లవారుజామున గుజిరీ అంగడికి పోతే? “ఇనుమా, స్టీలా?” అన్న ఒక్క ప్రశ్నే. పేరు అక్కర్లేదు, ఆర్‌సీ అక్కర్లేదు. ఒకేవారం ఒకే మనిషి ఐదు కన్వర్టర్లు తెస్తే అవి వాడి పెరట్లో కాశాయనుకుంటున్నారా? సిగ్గు లేకపోతే సరి!

చట్టం ఎవరి మీద పడుతుందో చూడండి. కన్వర్టర్ పోయిన బండితో రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద పది వేల దాకా జరిమానా పోగొట్టుకున్నవాడికే. దొంగ మొదటిసారి దొరికి, సొత్తు విలువ ఐదు వేల లోపని తేలి, దాన్ని తిరిగిస్తే, కొత్త భారతీయ న్యాయ సంహిత ప్రకారం సమాజ సేవతో సరి. కావాలంటే మా వీధి ఊడ్పించండి, ఆ సందులో వేరే బండ్లూ చూసుకుంటాడు. దొంగ సొత్తని తెలిసి కొన్నవాడికి మూడేళ్ల దాకా జైలని 317వ సెక్షన్‌లో ఉంది. ఉండటం వరకే.

అమెరికాలో ఉన్న మన పిల్లలను అడగండి, ప్రియస్ కారున్న ప్రతివాడి దగ్గరా ఒక కన్వర్టర్ దొంగతనం కథ ఉంటుంది. వాళ్లూ మొదట బోనులే కట్టుకున్నారు. ఆ తర్వాత 2022 నవంబరులో అక్కడి ఫెడరల్ అధికారులు ఐదు రాష్ట్రాల్లో 21 మంది మీద అరెస్టులో, కేసులో పెట్టారు. అందులో దొంగలతో పాటు కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఉన్నారు, జప్తు చేస్తామన్నది 54 కోట్ల డాలర్లకు పైమాటే. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టం తెచ్చింది: ఏ బండిదో రాసుకోకుండా పాత కన్వర్టర్ కొనకూడదని, దారిన పోయేవాడి దగ్గర అసలే కొనకూడదని. మనకు బోను నకలు వచ్చింది, చట్టం నకలు రాలేదు.

పోలీసు వారికి ఒక విన్నపం. ఆ జాగ్రత్తల చిట్టాను ఆటో స్టాండులో కాదు, మైదుకూరు రోడ్డు నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దాకా ఉన్న ప్రతి గుజిరీ అంగడి తలుపు మీద అంటించండి. పక్కన ఒక రిజిస్టరు పెట్టించి, నెలకోసారి తిరగేయండి. ఇక వ్యాను నడిపే అన్నలూ, మీ సైలెన్సర్ పోతే స్టేషన్లో ‘గుర్తుతెలియని వ్యక్తులు’ అని రాయించి వచ్చేయకండి. సరుకో మనుషులో ఎక్కే బండి నుంచి దొంగిలిస్తే అదే న్యాయ సంహితలో ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న 305వ సెక్షన్ ఉంది, అది రాయమని అడగండి. 317 కూడా చేర్చమని అడగండి. ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చేదాకా ఆ బెంచీ మీద నుంచి లేవకండి.